కిటికీ పక్కన నీ చోటు

నీ సంవత్సరీకం అయిన మర్నాడు, నడుం నొప్పి తగ్గుతుందేమోనని తాండూరులో యోగా క్లాసుకు పోయాను. వంగితే వేళ్ళు మోకాళ్ళు దాటలేదు. చూసి నవ్వడానికి నువ్వుంటే బాగుండుననుకున్నాను.

కిటికీ పక్కన చాప పరిచాను. టీచరమ్మ మా ఇంటాయన పేరు అడిగింది. నీ పేరు చెప్పగానే నా చెయ్యి పట్టుకుంది.

"అన్న గిక్కడనే కూసుంటుండె అక్కా. రాళ్ళ పాలిష్ దుమ్ముకు ఊపిరితిత్తులు ఖరాబైనయని డాక్టర్ చెప్తే, ప్రాణాయామం నేర్సుకుంటనని వచ్చిండు. ఇంట్ల చెప్తే ఆమె పరేషాన్ అయితదనేటోడు."

క్లాసులో అందరికీ తెలుసు. పొద్దున్నే చాయ్ తాగొస్తానని నువ్వు పోయింది అక్కడికేనట. జలుబు దగ్గనుకుని మిరియాల కషాయం కాచిపోసింది నేనొక్కదాన్నే.

ఆ ఏడే గ్యాస్ సిలిండర్ వంటింట్లో పెట్టమంటే, గడప దగ్గరే దింపి కూలబడ్డావు. బద్ధకం నెత్తికెక్కిందని పక్కింటివాళ్ళకు వినబడేలా తిట్టాను. నువ్వు తల దించుకుని నవ్వావు.

రేపు చాప ఇంకో మూలకు మార్చుకుంటాను. నీ చోట కూర్చుంటే నాకు ఊపిరి నిలవడం లేదు.

ఒక్క మాట చెప్పి ఉంటే ఆ సిలిండర్ నేనే మోసేదాన్ని. చెప్పలేదు. నవ్వుతూ నన్ను తిట్టనిచ్చావు.