ఏసోబు సాగదీత

శుక్రవారం రాత్రి, సులై లేబర్ క్యాంపు

నా సబ్బు మళ్లీ ఎవరో వాడేశారు. దానికి వెంట్రుక అంటుకుని ఉంది. అది నాది కాదు, నాకు జుట్టెక్కడిది?

సెలవు మీద ఊరెళ్లిన ఏసోబు పోయాడని మధ్యాహ్నం ఫోనొచ్చింది. నిక్కర్లేసుకున్నప్పటి నుంచి ఇద్దరం కలిసి యేసు పాటలు పాడాం. ఇక్కడికొచ్చాక దేవదానం, సామ్యేలు తోడై నలుగురమయ్యాం. ఈ అరబ్బు దేశంలో యేసు పాట బయటికి వినబడితే పట్టుకుపోతారు కాబట్టి ఏసీ పెట్టుకుని సన్నగా పాడతాం. కువైట్ యుద్ధమప్పుడు సైరన్ మోగినంతసేపే, ఆ మోతలో ఎవరికీ వినబడదని గొంతెత్తి పాడాం.

సాయంత్రం సామ్యేలు, "నలుగురి పాట ముగ్గురం ఏం పాడతాం బాబాయ్? ఇంక ఆపేద్దాం," అన్నాడు.

"ఆపితే ఆ ముసలోడు కల్లోకొచ్చి నీ చెవి మెలేస్తాడ్రా," అన్నాను.

"ఈ పూటైనా ఎకసెక్కాలు మానవా?" అని దేవదానం కసిరాడు.

ఇదే ఆఖరిదనుకుని ఒక పాట పాడాం. అందరూ ముగించాక చివరి మాటని ముక్కుతో ఒక్కడే సాగదీయడం ఏసోబు అలవాటు. ఇవాళ ఆ చోట ఏసీ మోతే మిగిలింది. అంతలో ఆ సాగదీత వినబడింది. దేవదానం గబుక్కున ఏసోబు మంచం వైపు చూశాడు. సామ్యేలు ఏడ్చేశాడు.

"నువ్వేనా బాబాయ్?"

"నేను కాదు," అన్నాను.

కాసేపటికి, వచ్చే శుక్రవారం ఏం పాడదామని దేవదానమే అడిగాడు.

ఏడుస్తున్నట్టు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని పాడింది నేనే. పాడాక ఆ తువ్వాలు తీయడానికి చాలాసేపు పట్టింది.