నాయన తొడ మీద కట్టు

మంగళవారం రాత్రి, పలమనేరు

నాయన రక్తంలో తెల్ల కణాలు మామూలుకు రెండింతలున్నాయి. ఒంట్లో ఎక్కడైనా చీము పట్టినా అవి పెరుగుతాయని చెప్పి, గాయాలేమైనా ఉన్నాయా అని డాక్టరు అడిగాడు. నాయన లేవన్నాడు. అయితే రక్తం కేన్సరేమో చూడాలి, రాయవేలూరు పెద్దాసుపత్రికి వెళ్లమన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చి నాయన పంచె మార్చుకుంటుంటే తొడ మీద ఆకుల కట్టు కనిపించింది. చీము వాసన. ఆవు కుమ్మిందట.

"డాక్టరడిగితే లేదంటివే నాయనా!"

"కట్టు విప్పేదాకా ఎవురికీ సెప్పకూడదురా. సెప్తే పసరు పనిచెయ్యదంట."

"ఇప్పుడు నేను సూసేసినా కదా!"

"సూసింది నువ్వు. నేను సెప్పలేదు."

రేపు మళ్లీ అదే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినా నాయన నోరు విప్పడు. పంచె నేనే ఎత్తి చూపించాలి. కణాలు పెరిగింది దీనివల్లేనని డాక్టరు అంటే చాలు. అనకపోతే...