మోటారు ఆపినా తగ్గుతున్న బావి

అక్టోబరు 14. లెక్క తేలక రాస్తున్నాను.

కాలువకు నీళ్లొచ్చి తొమ్మిది రోజులైంది. కాలువ పారినన్నాళ్లూ మోటారు ఆపి బావిని నిండనిస్తాం. కాలువకు నీళ్లు ఆపేశాక, కంకి పొట్టలో ఉన్న వరిని ఈ బావి నీరే బతికించాలి. ఏటా మూడో రోజుకే బావి పెరిగేది. ఈసారి కొలతకు ముడులేసిన తాడు దించి చూస్తే రోజుకో ముడి తగ్గుతోంది.

"మోటారు తాళం మీ కాడే ఉన్నాది గదత్తా, మరి నీరెవులు తాగేస్తన్నారు?" అంది కోడలు పార్వతి సాయంత్రం.

"సూసి సెప్పు. ఊరికే బెదరకు" అన్నాను.

ఇద్దరం వంగి చూశాం. గాలి లేదు. నీళ్లు మాత్రం ఉత్తరపు గోడవైపు మెల్లగా జరుగుతున్నాయి. లోపల ఎవరో గుటకలు వేస్తున్న చప్పుడు. పార్వతి నా చెయ్యి పట్టుకుంది. నేను విడిపించుకోలేదు.

1. కాలువకు నీళ్లు ఆపేసేలోపు వరికి నిండా తడి పెట్టాలి.
2. ఉత్తరపు పొలాల్లో కొత్త బోరు ఎవరు వేశారో కనుక్కోవాలి.
3. ఎవరూ వేయలేదంటే, ఆ మాట పార్వతికి చెప్పకూడదు.