పొన్నమ్మ అనని మాట

అమ్మకు,

నువ్వూ, నాన్నా, రూతక్కా ప్రభువు కాపుదలలో క్షేమంగా ఉన్నారని నమ్ముతూ, నీలగిరి కొండల మీద నుంచి నీ చిన్నకూతురు ఎస్తేరు వందనాలు చెప్పి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను, దిగులు పెట్టుకోకు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఐసు ఫ్యాక్టరీలో నాన్న డ్యూటీ మార్చారా? అక్క కుట్టు మిషను బాగు చేయించుకుందా?

మొన్న ఆదివారం పక్కింటి మావయ్యగారి ఫోనుకు చేసినప్పుడు అన్నీ బాగున్నాయని చెప్పాను. అన్నీ బాగా లేవమ్మా. బూత్‌లో నా వెనక నలుగురు నిలబడి ఉంటే చెప్పలేకపోయాను. అసలు ఎవరూ లేకపోయినా చెప్పేదాన్ని కాదేమో. అందుకే రాస్తున్నాను. ఇది ముందు నువ్వొక్కదానివే చదువుకో.

ఇక్కడ చలి గురించి నువ్వు అడుగుతూనే ఉంటావు. మబ్బులు కిటికీలోంచి గదిలోకే వచ్చేస్తాయి. ఉతికిన బట్టలు నాలుగు రోజులకైనా ఆరవు. అక్క ఇచ్చిన స్వెట్టరు మీద నేను అద్దెకుంటున్న ఇంటావిడ ఇచ్చిన శాలువా కప్పుకుని ఆఫీసుకు వెళ్తున్నాను. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం సాంబారన్నం. కడుపు నిండుతుంది, నాలుకకే ఏదో తక్కువగా ఉంటుంది. ఎండు రొయ్యలు పంపుతానన్నావు, వద్దు. ఆ వాసనకు ఇంటావిడ నన్నూ, రొయ్యల్నీ కలిపి బయటకు పంపేస్తుంది. గోంగూర పచ్చడి మాత్రం పంపు.

మా ఆఫీసు చిన్నది. వారానికి ఒక్కసారి వచ్చే ఎనిమిది పేజీల ఇంగ్లీషు పత్రిక. ఎడిటరు గారు, పేజీలు టైపు చేసే సెల్వక్క, ఫొటోలు తీసే ఒకాయన, ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన నేను. అంతే. వచ్చిన కొత్తలో బస్సు వేళలూ, కూరగాయల ధరలూ, చర్చి వాళ్ళు పెట్టే సంతలూ రాయించారు. నేను రాసింది ఒక్కసారైనా మొదటి పేజీలో రావాలని మనసులో ఒకటే ఆశ. కాలేజీలో నాతో చదివినవాళ్ళంతా పెద్ద పేపర్లలో చేరారు కదా, వాళ్ళకు ఆ పేజీ కత్తిరించి పంపాలని.

నెల కిందట వానలకు ఒక తేయాకు తోట దగ్గర కొండచరియ విరిగి, కూలీల ఇళ్ళు మూడు మట్టిలోకి పోయాయి. ఒక ఇంట్లో నాలుగేళ్ళ పిల్లాడు చనిపోయాడు. వాడి తల్లి పేరు పొన్నమ్మ. ఆమెతో మాట్లాడి రమ్మని ఎడిటరు గారు నన్ను పంపారు.

బస్సు సగం దారిలో ఆగిపోయింది. అక్కడి నుంచి నడిచాను. జలగలు కాళ్ళకు పట్టుకుంటుంటే పీకి పారేస్తూ, ఆ ఇళ్ళు కనిపించేదాకా వెళ్ళాను. అక్కడ ఏడుపులు వినిపించాయి. అక్కడే ఆగిపోయాను. వచ్చీరాని తమిళంలో ఆ తల్లిని ఏమని అడగను? టీకొట్టులో కూర్చుని చాలాసేపు వాన తగ్గడం కోసం చూశాను. వాన తగ్గింది. నేను లేచి వెనక్కి వచ్చేశాను.

వచ్చి నిజం చెప్పి ఉంటే ఒక్క తిట్టుతో పోయేది. కానీ నేను పొన్నమ్మతో మాట్లాడినట్టు రాశానమ్మా. ఆమె ఏడుస్తూ ఏమన్నదో కూడా రాశాను. అది నీ మాట.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక మధ్యాహ్నం గాలివానకు మన చర్చి గంట దానంతటదే మోగుతుంటే, నువ్వు బియ్యం చేట పక్కన పెట్టి, దివిసీమలో ఉప్పెన వచ్చిన నాటి సంగతి చెప్పావు. నేను చూడని అన్నయ్య సంగతి. "వాడు జారిపోయాక వారం దాకా నా చెయ్యి పిడికిలి పట్టే ఉంది. విప్పితే అప్పుడు నిజంగా జారిపోతాడేమోనని విప్పలేకపోయాను" అన్నావు. అంతకు ముందూ ఆ తరవాతా నువ్వు ఆ మాట ఎత్తలేదు. నాకు తప్ప ఎవరికీ చెప్పి ఉండవు. దాన్ని తీసుకెళ్ళి పొన్నమ్మ నోట్లో పెట్టాను. పిల్లాడి చెయ్యి ఆమె చేతిలోంచే జారినట్టు రాశాను.

ఎడిటరు గారు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మొదటి పేజీలో నా పేరుతో వేశారు. ఆ పేజీని మడిచి నీకు పంపిద్దామని కవరు మీద బందరు అడ్రసు కూడా రాశాను. పంపలేకపోయాను. ఎందుకు పంపలేకపోతున్నానో అప్పుడైనా ఆలోచించవలసింది.

పది రోజులకు పొన్నమ్మ తమ్ముడు ఆఫీసుకు వచ్చాడు. నేను రాసినదాన్ని ఒక తమిళ పేపరు వాళ్ళు తిరగరాసి వేసుకున్నారట. పొన్నమ్మ భర్త తిరుప్పూరులో బనియన్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. అంత్యక్రియలకు వచ్చి మళ్ళీ పనికి వెళ్ళినవాడు, అక్కడ ఆ పేపరు చదివి తిరిగొచ్చి భార్య మొహం చూడడం మానేశాడట. నిజానికి మట్టి జారినప్పుడు ఆమె ఇంట్లోనే లేదు, తోటలో ఆకు కోస్తున్నది. పిల్లాడు ఒక్కడే పడుకుని ఉన్నాడు. ఆ సంగతి ఆమె ఎంత చెప్పినా, "అచ్చులో ఉంది కదా, నా దగ్గర దాచి వాళ్ళకు నువ్వే చెప్పావు కదా" అంటున్నాడట. అత్తగారైతే "చేతిలో ఉన్నవాణ్ణి వదిలేసింది" అని ఊరంతా చెబుతున్నదట.

అది వింటుంటే నాకు నాయనమ్మ గొంతే వినిపించింది. బతికున్నన్నాళ్ళూ ఆవిడ నిన్ను అన్న మాట అదే కదా. ఆవిడ అన్నప్పుడల్లా నువ్వు పెరట్లోకి వెళ్ళిపోవడం నేను చూశాను. చూసి కూడా అదే నింద ఇంకో తల్లి మీద వేశాను.

ఎడిటరు గారు నా వైపు తిరిగి, "నువ్వు వెళ్ళావా?" అని అడిగారు. వెళ్ళానన్నాను. ఆ ఇంట్లో ఎవరెవరున్నారని అడిగారు. నేను చెప్పలేకపోయాను. ఆయన కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. మర్నాడు సెల్వక్కను తోడిచ్చి పంపారు.

ఈసారి టీకొట్టు దగ్గర ఆగలేదు. పొన్నమ్మ కుటుంబం తోట బడిలో ఒక గదిలో ఉంటున్నది. ఆమె నాకంటే నాలుగైదేళ్ళే పెద్దదై ఉంటుంది. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది, భర్త గుమ్మం బయట కూర్చున్నాడు. నేను చెప్పింది చెప్పినట్టు సెల్వక్క తమిళంలో చెప్పింది. నేను ఆ రోజు ఇక్కడికి రాలేదనీ, పొన్నమ్మ మొహం చూడడం ఇదే మొదటిసారనీ, రాసిందంతా కల్పించి రాశాననీ చెప్పాను.

భర్త గుమ్మంలోంచి లోపలికి తిరిగాడు. "మరి ఆ మాట ఎవరిది? అట్లాంటిది ఊరికే పుట్టదు" అన్నాడు.

"మా అమ్మది" అన్నాను.

అప్పుడు పొన్నమ్మ మొదటిసారి తలెత్తింది. మీ అమ్మకు ఏమైందని అడిగింది. చెప్పాను. ఆ బాబు పేరేమిటని అడిగింది. దానియేలు అని చెప్పాను. మన ఇంట్లో ఎవరం పలకని పేరు, ఆ కొండ మీద పరాయివాళ్ళ ముందు గట్టిగా పలికానమ్మా. పలికాక ఏడుపు ఆగలేదు. ఆమె నన్ను ఓదార్చలేదు, ఓదార్చాలని నేనూ అనుకోలేదు. నన్ను క్షమించమని అడిగాను.

"నన్ను అడగొద్దు" అంది. "నాకింకా నా కొడుకు కోసం ఏడవడానికే తీరిక దొరకలేదు. ముందు మీ అమ్మను అడుగు."

మేము వచ్చేస్తుంటే భర్త లోపలికి వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. అసలు మాట్లాడుకున్నారో లేదో కూడా తెలియదు.

పోయిన వారం పత్రిక మొదటి పేజీలో, నేను ఆమెతో మాట్లాడకుండానే రాశానని నా పేరుతో వేశారు. తమిళ పేపరు వాళ్ళకూ ఎడిటరు గారే స్వయంగా ఉత్తరం రాశారు, వాళ్ళు కూడా లోపలి పేజీలో వేశారు. నీ సంగతి ఎక్కడా రాయలేదు, రాయనివ్వలేదు. ఉంటావో వెళ్తావో నీ ఇష్టం అన్నారు ఎడిటరు గారు. ఉంటానన్నాను. వెళ్ళిపోతే ఇంకోసారి పారిపోయినట్టే అనిపించింది. మళ్ళీ బస్సు వేళలు రాస్తున్నాను. డిపోకు స్వయంగా వెళ్ళి, బోర్డు చూసి రాసుకొస్తున్నాను. బజారులో కొందరు నన్ను చూసి తల తిప్పుకుంటారు. సెల్వక్క మాత్రం రోజూ తన డబ్బాలోంచి సగం పెరుగన్నం నా ముందుకు తోస్తుంది. నా తిండికీ నిద్రకూ లోటు లేదు, నిజంగానే చెబుతున్నాను.

అమ్మా, నువ్వు నమ్మి చెప్పిన మాటను పేరు కోసం అమ్ముకున్నాను. నన్ను క్షమించమని అడగడానికే ఇంత రాశాను. వెంటనే జవాబు రాయాలని లేదు. కోపం వస్తే కోపమే రాయి. పచ్చడి పంపకపోయినా ఏమీ అనుకోను. నాన్నకు చదివి వినిపించాలో వద్దో నీ ఇష్టం. అన్నయ్య గురించి ఆయనతో నువ్వు ఎప్పుడైనా మాట్లాడావో లేదో నాకు తెలియదు.

పాస్టరు గారికీ, పాస్టరమ్మగారికీ నా వందనాలు చెప్పు. పక్కింటి మావయ్యగారినీ, అత్తయ్యగారినీ అడిగానని చెప్పు. అక్కకు ముద్దులు. సాయంత్రం ప్రార్థనలో నా పేరు తలుచుకునేటప్పుడు పొన్నమ్మ పేరు కూడా కలుపు. ఆమె కొడుకు పేరు మురుగన్.

నువ్వు రమ్మంటే వస్తాను, ఉండమంటే ఉంటాను. నీ మాట ఇక నిన్ను అడగకుండా ఎక్కడికీ పోదు.

నీ దీవెన కోరుతూ, నీకు మొహం చూపించడానికి ఇంకా ధైర్యం చాలని

నీ కూతురు
ఎస్తేరు