మందుకు థాంక్స్ చెప్పకూడదు

ఒరేయ్ జెనెక్, మీ అక్క వాలెంతీనా ఇక్కడ గట్టిగానే ఉంది, బెంగపెట్టుకోకు.

మా ఊరి మందుల షాపులో పనికి వార్సా నుంచి కొత్తమ్మాయి వచ్చింది. మొన్న నేనక్కడుండగా ఎదురింటి బ్రోనిస్లావా బీపీ మాత్రలు తీసుకుని, పెదవి విప్పకుండా వెళ్ళిపోయింది. ఆ పిల్ల చిన్నబుచ్చుకుని, "అరవై అయిదు దాటారని పైసా తీసుకోకుండా ఇస్తున్నాం కదా మామ్మగారూ, ఈ ఊళ్ళో పెద్దవాళ్ళు ఒక్కరూ థాంక్స్ అనరేం?" అని నన్నడిగింది.

"పిచ్చిపిల్లా, మందిచ్చిన మనిషికి థాంక్స్ చెబితే ఆ మందు పనిచెయ్యదు. మీ బామ్మ చెప్పలేదూ?" అన్నాను.

మర్నాడు బ్రోనిస్లావా ఊరబెట్టిన పుట్టగొడుగుల సీసా తెచ్చి ఆ పిల్ల ముందు పెట్టి, "ఇది మందులకోసం కాదే, మా ఇంట్లో ఎక్కువయ్యాయి" అంది. ఈ పట్టింపు అసలెలా పుట్టిందిరా? నాన్నమ్మ నీకేమైనా చెప్పిందా? పోయిన నెల నేను పొరపాటున థాంక్స్ అనేశాను, బీపీ పెరిగింది మరి! ఊరగాయ కూడా కాస్త ఎక్కువే తిన్నాననుకో.

అది సరే, ఖరీదని గుండె మాత్ర సగానికి విరిచి వేసుకుంటున్నావని నీ భార్య రాసింది. బుద్ధుందా? నీకూ అరవై అయిదు దాటాయి. ఆ మాత్ర ఊరికే వస్తుందట, ఆ పిల్లనే అడిగాను. వయసు దాటింది, ఊరికే ఇవ్వమని డాక్టరు చీటీలో రాస్తే చాలు. అడగడానికి నామోషీ పడకుండా రేపే వెళ్ళు.

పొయ్యి గొట్టం బాగుచేయించావా? బాతులు గుడ్లు పెడుతున్నాయా?

మీ ఇద్దరినీ దేవుడు చల్లగా చూడాలి. మాత్ర దొరకగానే జవాబు రాయి. అందులో నాకు థాంక్స్ మాత్రం రాయకు.