ఆయాసం లేదని చెప్పాడు

డిండోలి, సూరత్

అమ్మకు,

ఊర్మిళ దండాలతో రాస్తున్నది. నేనూ, నీ మనవరాలు సింధూజా కులాసా. నీ మోకాళ్లకు మందు రాసుకుంటున్నావనుకుంటాను. మీ అల్లుడు కూడా బాగున్నాడని రాయలేను.

ఫోన్లో పొడిపొడిగా ఎందుకు మాట్లాడుతున్నావని అడిగావు. ఈ ఇంట్లో ఉన్నవి రెండే గదులు. ఒకదాంట్లో ఆయన పడుకుంటాడు, ఇంకోదాంట్లో ఆయన అన్న గంగారాం బావ కూర్చుంటాడు. అందుకే కాగితం పట్టాను. నేను కాలేయం ఇస్తానని ఒప్పుకొని ఆఖర్న భయపడ్డానని ఊళ్లో అంటున్నారట. ఆపరేషన్ ఆగింది నా వల్లనే. ఎలాగో విను.

ఆయన కాలేయం పూర్తిగా పాడైంది కదా, నా దాంట్లో సగానికి పైగా కోసి ఆయనకు పెట్టాలి. అంత పెద్ద ఆపరేషన్‌కు ఆయన గుండె తట్టుకుంటుందో లేదో ముందు చూస్తారు. మత్తు ఇచ్చే డాక్టరమ్మ ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని హిందీలో అడిగింది: "రెండంతస్తులు ఆగకుండా ఎక్కగలరా? ఆయాసం గానీ, ఛాతీలో బరువు గానీ ఉంటుందా?"

ఏమీ లేదన్నాడాయన.

అబద్ధం. మా ఇంటి మెట్లు పది ఎక్కేసరికి రొమ్ము పట్టుకుని కూలబడతాడు. ముందురోజే బావ నేర్పాడు: "నొప్పి ముచ్చట ఎత్తకురా పరమేశూ. ఎత్తితే ఆపరేషన్ క్యాన్సల్ చేస్తరు." ఆయన తలూపాడు. నేను చాయ్ గ్లాసులతో గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఆపరేషన్ బల్ల మీదే ఆయన గుండె ఆగితే, నన్ను కోసి తీసిన ముక్క ఆయనతోపాటు కాలిపోతుందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ రోజు నుంచి వాళ్ల ఎంగిలి గ్లాసులు వేరుగా కడుగుతున్నాను.

పరీక్ష గది నుంచి బయటికి వచ్చాక, సంచి మరిచానని చెప్పి ఒక్కదాన్నే వెనక్కి వెళ్లి డాక్టరమ్మకు అంతా చెప్పేశాను. గుండె వేగం పెంచే మందు ఎక్కించి మళ్లీ పరీక్ష చేశారు. తర్వాత యాంజియోగ్రామ్ తీశారు. గుండెకు వెళ్లే పెద్ద రక్తనాళం ముప్పావు వంతు మూసుకుపోయి ఉంది. కొత్త కాలేయం కలిపి రక్తం వదిలిన క్షణంలోనే గుండె ఆగిపోయేదేమో అన్నది ఆమె. స్టెంటు వేశారు. కొన్ని నెలలు మందులు వాడి, గుండెను మళ్లీ చూశాకే ఆపరేషన్.

"ఇంటి గుట్టు బయట పెట్టినవ్. మొగడు బతకొద్దా నీకు?" అని, చెప్పింది నేనేనని పసిగట్టిన బావ నా మీదికొచ్చాడు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

బావ పోయాక నేనే అడిగాను. "నన్ను గూడ కోస్తరని యాదికి రాలేదా?"

"నాకు బతకాలనుండె ఊర్మిళా," అన్నాడు.

ఇక ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను. మీ ఆయన ప్రాణం కాపాడారని డాక్టరమ్మ నా భుజం తట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. నేను వెనక్కి వెళ్లింది ఆయన కోసం కాదమ్మా. చెబితే ఆపరేషన్ ఆగిపోతుంది, నన్ను కోయరని వెళ్లాను. ఊళ్లోవాళ్లు అన్నది నిజమే. బావను చూస్తే ఎంత రోతగా ఉందో, అద్దంలో నన్ను చూసుకున్నా అంతే రోత.

నిన్న డాక్టరమ్మ నన్ను ఒంటరిగా పిలిచింది. "ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి. మీ కాలేయం సరిపడదని మేమే మీ వాళ్లకు చెబుతాం. అసలు సంగతి ఎవరికీ తెలియదు," అన్నది. అయినా ఇస్తానన్నాను. ప్రేమ అనుకోకు. సింధూజకు తండ్రి ఉండాలి.

వేళకు మందులు వేస్తున్నాను, ఉప్పు లేకుండా వండి పెడుతున్నాను. ఆయన పక్కన కూర్చోవడం మాత్రం ఇంకా నా వల్ల కావడం లేదు.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ
ఊర్మిళ