తువ్వాలు కప్పిన సాంచె

అన్నా,

నువ్వు కరోనాతో పోయి ఏడాదైంది. అంచు దారం తెగకుండా బమ్రోలి మరమగ్గాల షెడ్డులో మన సాంచెకు నువ్వు బిగించిన పరికరం, దాన్ని తయారుచేసే విధానం షెడ్డు యజమాని సేఠ్ వియత్నాం కంపెనీకి ఇస్తున్నాడు. విమానాలు లేక వాళ్లు వీడియోలో చూస్తామన్నారు.

“సంతకం గాకముందు ఎవ్వలకు సూపియ్యకు తమ్మీ” అంటూ నువ్వు తువ్వాలు కప్పేవాడివి. నాకూ చూపలేదు. నువ్వు పోయాక తీసి చూడ బుద్ధి కాలేదు. ఇంకెవరికీ ఇవ్వబోమని వాళ్లు సంతకం పెట్టేదాకా తీయనన్నాను. సేఠ్‌కు విసుగొచ్చింది. నాకూ ఓపిక అయిపోయింది.

ఇవాళ సేఠ్, “సైన్ హో గయా భాయ్, అబ్ ఖోలో” అన్నాడు. సంతకం అయిందనగానే తువ్వాలు తీశాను. దారం జారే చోట వదిన వెండి మెట్టె ఉంది. నీ దినాలప్పుడు ఆమె కాలి నుంచి తీయడానికి ఒక్కటే ఉండింది. రెండోది ఎప్పుడో ఎక్కడో పడిపోయిందన్నది.

ఆ రింగేమిటని వీడియోలో వాళ్లు అడిగారు.

అది ఈ సౌదాలో, బేరంలో లేదని చెప్పి, కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టాను.